మారిషస్‌లో ఉగాది సెలవు

మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవని విన్నాను గానీ, రాజధాని పోర్ట్ లూయిస్‌లో బ్యాంకులు మూసి ఉండటం చూశాకే నమ్మాను. బీచ్ ఫొటోలు అందరూ పెడతారు, నన్ను కదిలించింది మాత్రం ఆప్రవాసీ ఘాట్. 1834 నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడల్లో వచ్చిన భారతీయుల్లో లక్షల మంది ఈ రేవులోనే దిగారు. మన కోరంగి నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్ల వారసులు అక్కడి వాడుక భాష క్రియోల్ మాట్లాడుకుంటూనే రామభజన చేస్తారు!

1968లో స్వాతంత్ర్యం, 1992లో గణతంత్రం. సైన్యమే లేదు, పోలీసులతోనే సరి. ఇంకో చిత్రం: ఎన్నికల్లో ఓడినవాళ్లలో ఎనిమిది మంది దాకా పార్లమెంటుకు పంపొచ్చట, ఏ వర్గానికీ ప్రాతినిధ్యం తగ్గకూడదని. జాతిమతాల లెక్క చట్టంలోకే ఎక్కడం నాకైతే నచ్చలేదు. టాక్సీ డ్రైవరన్న మాత్రం గట్టిగా సమర్థించాడు.