తల వంచడం వేరు, తగ్గించుకోవడం వేరు

తగ్గింపు గురించి, అంటే దీనత్వం గురించి, ప్రసంగం వచ్చిన ఆదివారం మా సంఘంలో వెనక చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు తల ఇంకాస్త వంచుకుంటారు. ముందు బెంచీల్లో ఉన్నవాళ్లం, అంటే సంఘ పెద్దలూ, ఉద్యోగాలు చేసి రిటైరైన నాలాంటివాళ్లూ, వాక్యం బాగుందన్నట్టు తల ఊపుతాం. ఈ తేడా ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. చూసినప్పుడల్లా బాధేస్తుంది. తగ్గమని ఎవరికి చెబుతున్నాం, నిజంగా తగ్గాల్సింది ఎవరు అన్న ఆలోచన చాలాకాలంగా నాలో నలుగుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది ఒంగోలు. మేం బాప్టిస్టులం, మాదిగలం. రెండూ దాచుకునే సంగతులు కావు. చెప్పులు కుట్టిన మా తాతలు అవే చెప్పులు తొడుక్కుని పెద్ద వీధిలో నడవకూడదు, విప్పి చేత పట్టుకోవాలి. ఎదురుగా ఆసామి వస్తే తలగుడ్డ తీసి, పక్కకు తొలగి నిలబడాలి. తరతరాలుగా అలా వంగిన నడుములకు ఆదివారం పొద్దున మళ్లీ వంగమని చెబితే అందులో సువార్త ఎక్కడుంది?

మా ప్రాంతంలో సువార్త వచ్చిన తీరు చూస్తే సంగతి ఇంకోలా ఉంటుంది. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగాయన, తాళ్లకొండపాడు ఊరివాడు, బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన తోళ్ల వ్యాపారం చేసేవాడు. తనంతట తానే దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చినవాడు. అదే ఏడాది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. అప్పటికి పై కులాల పిల్లలు కొందరు మిషన్ బడికి వస్తున్నారు, పెద్దమనుషులు కొందరు ఆసక్తిగా వింటున్నారు. పేరయ్య వెంట అతని జనం రావడం మొదలవగానే ఆ పెద్దమనుషులు మాదిగలను చేర్చుకుంటే తాము రామన్నారు. ఒక మిషనరీకి అది చిన్న పరీక్ష కాదు. పలుకుబడి ఉన్నవాళ్లు అటు, పొలిమేర బయట ఉన్నవాళ్లు ఇటు. క్లౌ ఏం చెయ్యాలో తోచక బైబిలు తెరిస్తే కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయం కనబడిందట: మీలో లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు. పక్క గదిలో ఆయన భార్య కూడా విడిగా అదే భాగం తెరిచి చదువుతోందట. ఈ సంగతి మా ఇళ్లలో కథగా చెప్పుకుంటారు, క్లౌ కూడా రాసి పెట్టాడు. ఆయన పేరయ్య జనం వైపు నిలబడ్డాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా నాయనమ్మ వాళ్ల తాత ఆ రోజు ఆ ఏట్లో మునిగి లేచినవాళ్లలో ఒకడని మా ఇంట్లో చెప్పుకుంటారు.

ఆ కథలో తగ్గింది ఎవరు? పేరయ్య జనం కాదు. వాళ్లు నీళ్లలోంచి లేచి నిలబడ్డారు. తగ్గింది క్లౌ. పెద్దవాళ్ల స్నేహం, ఊళ్లో గౌరవం పోయినా సరే అనుకున్నాడు. ఆయన్ని నేనేం దేవుణ్ణి చెయ్యడం లేదు. దొరల పద్ధతులు దొరలకు ఉన్నాయి, ఆ మాట కింద చెబుతాను. కానీ ఆ ఒక్క నిర్ణయం వల్ల ఈ రోజు నేను చదువుకుని, ఇలా రాయగలుగుతున్నాను.

మా నాయనమ్మ బైబిల్ స్త్రీగా, అంటే ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే మనిషిగా, పనిచేసింది. తెల్ల చీర, గుడ్డ సంచి, అందులో బైబిలూ పాటల పుస్తకమూ. నేను చూసేనాటికే ముసలిది. అయినా నిటారుగా నడిచేది. ఎవరింటి ముందూ చెప్పులు విప్పి చేత పట్టుకోలేదు. అలాంటి మనిషి గూడెంలోకి వెళ్తే మాత్రం ఎక్కడ జాగా ఉంటే అక్కడ మట్టిలో కూలబడేది. వేరుశనక్కాయలు ఒలుస్తున్న వాళ్ల పక్కన కూర్చుని తనూ ఒలిచేది. పిల్లల తలలో పేలు చూసేది. వాళ్ల గోడు అంతా విన్నాకే సంచిలోంచి బైబిలు తీసేది, కొన్నిసార్లు అసలు తీసేదే కాదు. ఎన్ని ఆత్మలు సంపాదించావమ్మా అని ఎవరో పెద్దమనిషి అడిగితే, "లెక్క ఆయన దగ్గరుందిలే నాయనా" అంది. ఆమె నడుము నిటారుగా ఉండటానికీ, ఆ మట్టిలో కూర్చోవడానికీ సంబంధం ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

యోహాను సువార్త పదమూడో అధ్యాయంలో యేసు శిష్యుల పాదాలు కడిగిన ఘట్టం అందరికీ తెలుసు. దానికి ముందున్న వచనాన్ని మాత్రం ప్రసంగాల్లో దాటేస్తారు. తండ్రి తన చేతికి సమస్తమూ అప్పగించాడనీ, తాను దేవుని దగ్గరనుంచి వచ్చాననీ, దేవుని దగ్గరికే వెళ్తున్నాననీ ఎరిగి ఆయన లేచాడని యోహాను రాశాడు. ఎరిగి లేచాడు. తానెవరో తెలిసిన తర్వాతే నడుముకు తువాలు కట్టుకున్నాడు. ఫిలిప్పీ పత్రికలోనూ అంతే. దేవుని స్వరూపం కలిగినవాడు దాసుని స్వరూపం ధరించుకున్నాడు. చేతిలో ఉన్నదాన్ని ఆయన తనంతట తాను వదులుకున్నాడు. చేతిలో ఏమీ లేనివాళ్ల దగ్గరికి వెళ్లి ఇంకా వదులుకోమనలేదు. యూదులు తక్కువగా చూసే సమరయ స్త్రీ దగ్గర నీళ్లు అడిగాడు. వంగిపోయిన నడుముతో పద్దెనిమిదేళ్లు బతికిన ఆవిడను సమాజమందిరంలో అందరి ముందూ నిటారుగా నిలబెట్టాడు.

ఈ మాట గట్టిగా చెప్పడానికి నాకో కారణం ఉంది. మా స్త్రీల సమాజంలో భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆడపిల్లలు ప్రార్థన చేయించుకోవడానికి వస్తారు. "నువ్వే కాస్త తగ్గించుకోమ్మా, ప్రభువు చూసుకుంటాడు" అని చెప్పే పెద్దవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. ఆ మాట క్రీస్తుది కాదు. ప్రధాన యాజకుడి ఇంట్లో బంట్రౌతు చెంప మీద కొట్టినప్పుడు ఆయన ఊరుకోలేదు. నేను కాని మాట ఆడితే అదేదో చెప్పు, మంచి మాట ఆడితే నన్నెందుకు కొడుతున్నావు అని అడిగాడు. సిలువ దాకా వెళ్లిన దీనుడు కూడా ఆ చెంపదెబ్బ న్యాయం కాదని మొహం మీదే చెప్పాడు. ఆ అమ్మాయిల దగ్గర నేను ఆ వచనమే చదువుతాను. ఆ తర్వాత పుట్టింటివాళ్లకు ఫోన్ చేయిస్తాను, అవసరమైతే స్టేషన్‌కి తోడు వెళ్తాను. తగ్గింపు గురించి ప్రసంగం ఆ ఇంట్లో ఎవరికైనా కావాలంటే అది కొట్టినవాడికే కావాలి.

మరి నాలాంటివాళ్ల సంగతి? టీచరుగా పనిచేసి, పెన్షన్ తీసుకుంటూ, స్త్రీల సమాజంలో మైకు అందుకునే నాకు మాత్రం ఆ ప్రసంగం తప్పకుండా కావాలి. మా తాతలు పడిన అవమానం చూపించి నేను తప్పించుకోలేను.

ఇక్కడే నాకు అజరయ్య బిషప్ గుర్తొస్తారు. ఆయన తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, పల్లెలు తిరిగి పనిచేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడుతూ మిషనరీలను మొహం ఎదుటే అడిగారు: మీ ఆస్తి బీదలకు పంచారు, మీ శరీరాలు కాల్చబడటానికి అప్పగించారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి. ఆ సభలో కూర్చున్నవాళ్లు సామాన్యులు కారు. సొంత దేశం వదిలి వచ్చినవాళ్లు, పిల్లల్ని ఇక్కడ పాతిపెట్టినవాళ్లు. ఇవ్వడంలో వాళ్లకు లోటు లేదు. పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకోవడం, సాటి మనిషిగా చెయ్యి కలపడం మాత్రం చేతకాలేదు. పైనుంచి కిందికి ఇచ్చే చెయ్యి ఎంత ఇచ్చినా పైనే ఉంటుంది.

దొరలు వెళ్లిపోయారు. ఆ కుర్చీల్లో ఇప్పుడు మేం కూర్చున్నాం. క్రిస్మస్‌కి విధవరాళ్లకు చీరలు పంచుతాం. స్టేజీ మీద వరసగా నిలబెట్టి, చీర సగం ఆమె చేతిలో సగం మా చేతిలో ఉండగా ఫొటో. ఆ ఫొటోల్లో చీర అందుకున్న ఒక్క ఆడమనిషీ కెమెరా వైపు చూడదు, గమనించండి. మా సమాజంలో దీని గురించి చాలా వాదన జరిగింది. ఫొటో లేకపోతే చందాలు రావు అన్నవాళ్లున్నారు, వాళ్లది పూర్తిగా తప్పని కూడా అనను. చివరికి ఫొటోలు మానేశాం. చీర ఎవరింటికి వాళ్లు తీసుకెళ్లి ఇవ్వాలి, వెళ్లినవాళ్లు అక్కడ అన్నం తిని రావాలి అని పెట్టుకున్నాం. ఈ రెండోది నా పట్టుదల. ఆ ఇంట్లో గోంగూర పచ్చడి, ఎండు చేపల పులుసు ఏదుంటే అది, ఆమె వడ్డిస్తుంటే మేం కింద కూర్చుని తినడం. మా అందరికీ చీర కొనడం కంటే అదే ఎక్కువ కష్టమైంది. ఒకావిడ డయాబెటిస్ అని చెప్పి తప్పించుకుంది. కానీ తిన్నవాళ్లు ఆ ఇంటి పిల్లల పేర్లు తెలుసుకుని వచ్చారు. ఆ పేర్లతో ప్రార్థన చేస్తున్నారు.

తీసుకోవడం ఇంకా కష్టం. మోకాలు ఆపరేషన్ అయ్యాక నేను చాలా రోజులు మంచం దిగలేకపోయాను. పిల్లలిద్దరూ దూరాన ఉన్నారు. మా సంఘంలో ఒక అమ్మాయి ఉంది, మున్సిపాలిటీలో పారిశుద్ధ్య పని. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లి, అది ముగించుకుని, ఇంటికెళ్లి స్నానం చేసి మా ఇంటికి వచ్చేది. నాకు ఒళ్లు తుడిచేది, దుప్పటి మార్చేది. ఒకరోజు వేడినీళ్ల బేసిన్ పెట్టుకుని నా కాళ్ల దగ్గర కూర్చుంది. ఊరంతా ఊడ్చి వచ్చిన మనిషి చేత నా కాళ్లు కడిగించుకోవడమా అని నాకు ఒళ్లు ముడుచుకుపోయింది.

"వద్దమ్మా, ఆ కాళ్లు నువ్వు ముట్టుకోవద్దు. పనమ్మాయి సాయంత్రం వస్తుందిగా."

"పనమ్మాయి చేస్తే డబ్బులిస్తావు, సరిపోతుంది. నేను చేస్తే నాకేమీ ఇవ్వలేవు, అదే కదా టీచరమ్మా నీ టెన్షన్?"

యేసు కాళ్లు కడగబోతే శిష్యుడు పేతురు అన్న మాటే నేనూ అన్నానని అప్పుడు తట్టింది. నువ్వెన్నటికీ నా పాదాలు కడగకూడదు. వినడానికి ఎంతో వినయంగా ఉంటుంది ఆ మాట. యేసు మాత్రం దాన్ని ఒప్పుకోలేదు, నేను నిన్ను కడగకపోతే నాతో నీకు పాలు, అంటే భాగం, లేదన్నాడు. ఒకరికి రుణపడి ఉండటం నచ్చని మనసు ఎంత సేవ చేసినా తన చేతిలోనే అన్నీ ఉండాలనుకుంటుంది. కాళ్లు కడిగించుకున్నాను. ఆమెకు నేనేమీ తిరిగి ఇవ్వలేదు, ఇవ్వబోయినా తీసుకునేది కాదు. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా మాట మారింది. నా ఇంటికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర నిలబడటం మానేసి లోపలికి వచ్చి కూర్చుంటోంది. తన కొడుకు చదువు గురించి నాతో పోట్లాడుతోంది కూడా.

ఎదుగుతున్నానా అంటే చెప్పలేను. దీనత్వం ఎంత వచ్చిందో కొలుచుకోవడం మొదలుపెడితే అక్కడే అది పోతుంది. కొన్ని అలవాట్లు మాత్రం పట్టుకున్నాను. ఎవరైనా వాక్యం బాగా చెప్పారంటే "నాదేముందండీ, అంతా దేవుడే" అనడం మానేశాను. ఆ మాటతో ఇంకో రెండు పొగడ్తలు రాబట్టుకోవడం మా అందరికీ తెలిసిన విద్యే. వందనాలు అని చెప్పి ఊరుకుంటున్నాను. కమిటీ మీటింగులో అందరూ మాట్లాడాక మాట్లాడుతున్నాను. అప్పటికి నేను చెప్పాలనుకున్నవి చాలావరకు ఎవరో ఒకరు చెప్పేసి ఉంటారు, నా పేరు మీద చెప్పాల్సిన పని ఉండదు. చర్చిలో ఫ్యాన్ రెక్కల మీద దాతల పేర్లు రాయించడం గురించి పాస్టరు అయ్యగారితో ఇంకా మాట్లాడాలి. అది తేలడానికి సమయం పడుతుంది. మా ఆయన పేరు కూడా ఒక ఫ్యాన్ మీద ఉంది.

డిసెంబరులో స్త్రీల సమాజం కూడిక మా ఇంటి వరండాలో. ఈసారి వాక్యం ఆ అమ్మాయే చెబుతుంది. చదవడం అంతగా రాదు, ఫోన్‌లో ఆడియో బైబిల్ విని నేర్చుకుంటుంది. లూకా మొదటి అధ్యాయంలో మరియ పాట ఎంచుకుంది. సింహాసనాల నుంచి బలవంతులను పడద్రోసి దీనుల నెక్కించెను అన్న చోటు గట్టిగా చెప్పాలా, మెల్లగా చెప్పాలా అని నన్ను అడిగింది. మరియ అయితే గట్టిగానే పాడి ఉంటుందన్నాను. సాయంత్రం అయిదింటికి మొదలవుతుంది. ఒంగోల్లో ఉన్న అక్కచెల్లెళ్లు ఎవరైనా రండి. టీ, ఉడకబెట్టిన శనగలు నావంతు.