సంతకం పెట్టే ఇంజనీరు ఎవరి మనిషి?

హైదరాబాద్ నాగోల్‌లో నాన్నగారు కొన్న 267 గజాల జాగాలో 2022లో ఇల్లు మొదలుపెట్టాం. "ఇంజనీరు సంగతి నాకు వదిలెయ్యండి మేడమ్, మనవాడే ఉన్నాడు, పదివేలకి సంతకం, స్టాంపు రెండూ ఇచ్చేస్తాడు" అన్నాడు కాంట్రాక్టరు. తమ్ముడు సరేనన్నాడు. నాకు మనసొప్పలేదు.

తెలంగాణలో ఇళ్లకి ఆన్‌లైన్‌లో పర్మిషన్లిచ్చే అప్పటి టీఎస్ బీపాస్‌లో 600 గజాల లోపు జాగాలో, పది మీటర్ల ఎత్తు దాటని ఇంటికి మనం రాసిచ్చిన స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే పర్మిషన్ వచ్చేది. రాసిచ్చింది అబద్ధమని తేలితే మాత్రం నోటీసు లేకుండా కూల్చేయవచ్చని 2020 చట్టంలోనే ఉంది. అలాంటప్పుడు సైటులో మన తరఫున చూసేవాడు ఆ ఇంజనీరే కదా! కాంట్రాక్టరు పనిలో తప్పు పట్టాల్సిన మనిషిని కాంట్రాక్టరే తీసుకొస్తే ఎలా?

నేనే ముగ్గురిని కలిశాను. జీహెచ్‌ఎంసీ లైసెన్సు ముగ్గురికీ ఉంది. అందుకని, మీరు చేసిన వాటిలో ఓసీ, అంటే ప్లాను ప్రకారమే కట్టారని, ఇక ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్టు, వచ్చిన ఇళ్లు రెండు చూపించమని అడిగాను. "ఇండిపెండెంట్ ఇళ్లకి ఓసీ ఎవరు తీసుకుంటారమ్మా" అన్నాడు ఒకాయన. రెండో ఆయన సైటుకి అసిస్టెంటుని పంపుతానన్నారు. మూడో ఆయన, అరవై దాటిన పెద్దమనిషి, ఫీజు మాట ఎత్తకముందే "గుంత తవ్వించి మట్టి చూశారా?" అని అడిగారు.

తవ్విస్తే ఐదడుగుల దాకా ఎవరో పోసిన పాత ఇటుకలు, చెత్తమట్టి. గట్టి మొరం ఆ కిందే తగిలింది. ఫుటింగులు, అంటే పిల్లర్ల కింది పునాదులు, అక్కడిదాకా దించాల్సి వచ్చింది. ఖర్చు పెరిగింది, కానీ ఆ చెత్తమట్టి మీద పిల్లర్లు లేచి ఉంటే అన్న ఆలోచనకే ఇప్పటికీ గుండె జారిపోతుంది.

పని ఆ మూడో ఆయనకే అప్పగించాను. ఫుటింగులకీ, ప్రతి స్లాబుకీ కాంక్రీటు పోసే ముందు తనే వచ్చి చూస్తానని కాగితం మీద రాసిచ్చారు. మొదటి స్లాబు ముందురోజు సాయంత్రం వచ్చి టేపు పట్టారు. పిల్లరు దగ్గర బీము రింగులు డ్రాయింగులో నాలుగంగుళాలకొకటి ఉంటే, అక్కడ ఆరేసి అంగుళాలకి కట్టారు. ఇనుము కింద ఎడం కోసం పెట్టే కవర్ బ్లాకుల చోట కంకర ముక్కలు పెట్టారు. మర్నాడు రావాల్సిన రెడీమిక్స్ కాంక్రీటు ఆపించమన్నారు ఇంజనీరుగారు. మేస్త్రి అలిగాడు, కాంట్రాక్టరు అరిచాడు, తమ్ముడు నన్ను కోప్పడ్డాడు. ఆ రాత్రి నిజంగా టెన్షన్ పడ్డాను. రెండు రోజులు పట్టింది సరిచేయడానికి. స్లాబు రోజు ఆయన అదే కాంక్రీటుతో 15 సెంటీమీటర్ల క్యూబులు పోయించి, 28 రోజులకి ల్యాబులో వాటి బలం పరీక్ష చేయించారు. రిపోర్టు తమ్ముడి చేతికే ఇచ్చారు.

మొన్న పక్కవీధిలో ఒకావిడ ఇల్లు కట్టుకుంటున్నామంటూ వచ్చింది. ఆయన నంబరు ఇచ్చాను. ఫోన్ చేసే ముందే గుంత తవ్వించి పెట్టుకోమన్నాను, ఎలాగూ మొదట అదే అడుగుతారు.