శాలిహుండం మీద మబ్బు

వానాకాలంలో శ్రీకాకుళం వైపు వెళ్తే వాన ఎప్పుడు పడుతుందో ఎప్పుడు ఆగుతుందో తెలియదు, అయినా ఫొటోలకు అదే మంచి కాలమని నా నమ్మకం. 1919లో గిడుగు రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చిన శాలిహుండం బౌద్ధ స్తూపాల దగ్గర ఇటుకలన్నీ తడిసి ముదురు ఎరుపెక్కాయి, మిట్టమధ్యాహ్నం ఎండలో చూస్తే ఇవే పాలిపోయినట్టుంటాయి. కొండ కింద నిండుగా వంశధార. మబ్బు చీలి ఒక్క నిమిషం వెలుగు పడింది. నాలుగు ఫొటోలు తీస్తే ఒకటే బాగా వచ్చింది, నాకది చాలు.

కళింగపట్నంలో ఒకటే గాలి. లెన్స్ మీద ఉప్పు తుంపర, తుడిచిన కొద్దీ మళ్లీ. షట్టర్ వేగం సెకనులో పదిహేనో వంతుకు తగ్గిస్తే అలల కదలిక గీతల్లా వచ్చింది. ట్రైపాడ్ ఊగకుండా బ్యాగ్ తగిలించాను. లైట్‌హౌస్ వైపు తిరిగేసరికి మళ్లీ వాన.