చీపురుపుల్లలు, చింతపిక్కలు, ఒక సెలవు రోజు

ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకు ఇంట్లో చదువు చెప్పడమంటే నోటుపుస్తకం ముందు గంటన్నర కూర్చోబెట్టడం అనుకుంటాం. ఆరేడేళ్ల వయసులో ఒకే పని మీద మనసు నిలిచేది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. ఆ తర్వాత చెయ్యి రాస్తూనే ఉంటుంది గానీ బుర్ర ఎప్పుడో ఆటకి వెళ్లిపోయి ఉంటుంది. అందుకని ఈ సెలవు రోజులో కూర్చుని చదివే విడతలు మూడే: పొద్దున తెలుగు, పదిన్నరకి లెక్కలు, భోజనాలయ్యాక కథ. మిగతాదంతా వంటింట్లోనూ మేడమీదా జరిగిపోతుంది.

ముందురోజు రాత్రే కొన్ని సిద్ధం చేసుకోవాలి. అరకప్పు పెసలు నానబెట్టండి, పది గింజలు మాత్రం పొడిగానే పక్కన పెట్టండి. కొబ్బరి చీపురులోంచి 60 పుల్లలు తీసి జానెడు పొడవున తుంచి, కొసలు గుచ్చుకోకుండా చూసుకోండి. రబ్బరు బ్యాండ్లు ఆరు, చాక్‌పీసు ఒకటి, గుప్పెడు ఉప్మారవ్వ, నాలుగు గవ్వలు కావాలి. గవ్వలు లేకపోతే చింతపిక్కలను గరుకు నేల మీద ఒకవైపు తెల్లగా వచ్చేదాకా అరగదీస్తే సరిపోతుంది. మూడేళ్ల లోపు పిల్లలు ఇంట్లో ఉంటే పిక్కలు, గింజలు లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి. వాటిని నోట్లో వేసుకుంటారు.

పొద్దున ఎనిమిదింటికి మొదటి పని మేడమీద. నీళ్లు నింపిన సీసాను ఎండలో నిలబెట్టి, అడుగు చుట్టూ చాక్‌పీసుతో గుండ్రం గీయించండి. నీడ చివర ఒక గీత, పక్కన టైము. మళ్లీ పన్నెండింటికి, నాలుగింటికి వచ్చి ఇదే చేయాలి. గుండ్రం గీయకపోతే ఎవరో ఒకరు సీసా జరుపుతారు, అప్పుడు మూడు గీతలకూ పొంతన ఉండదు. నాలుగింటికి పక్క మేడ నీడ పడని చోటు ముందే చూసుకోండి. నీడను ముందు పిల్ల జానతో, తర్వాత మీ జానతో కొలవండి. తనకి నాలుగు జానలు వస్తే మీకు మూడు కూడా రాకపోవచ్చు. ‘నీడ ఒకటే కదా, లెక్క ఎందుకు మారింది?’ అని తనే అడుగుతుంది. స్కేలు చేతికివ్వడానికి అదే అదను. స్కేలు ఇచ్చినప్పుడు ఒకటి చూడండి: చాలామంది పిల్లలు నీడ మొదటిని 0 దగ్గర కాకుండా 1 దగ్గర పెడతారు. ఈ తప్పు సాయంత్రం ఆటలో మళ్లీ కనిపిస్తుంది, అక్కడే దిద్దడం తేలిక.

మధ్యాహ్నం నీడ బాగా పొట్టిదవుతుంది కానీ మాయం కాదు. హైదరాబాదులో నిలబెట్టిన కర్రకి నీడ పూర్తిగా లేకుండా పోయే రోజులు ఏడాదికి రెండే, ఒకటి మేలో, ఒకటి ఆగస్టులో. పిల్లకి ఇంకా ఆసక్తి ఉంటే చెప్పండి, లేకపోతే వదిలేయండి.

తెలుగు విడత వంటింట్లోనే. డబ్బాల మీద అతికించడానికి చీటీలు పిల్ల చేత రాయించండి. ఏ పదం ముందు, ఏది తర్వాత అన్నదే ఇక్కడ అసలు సంగతి. మొదట ఉప్పు, పప్పు. ‘ప’ వత్తు చూడగానే ‘ప’ అని తెలుస్తుంది, తలకట్టు మాత్రమే పోతుంది. తర్వాత బెల్లం, జీలకర్ర. ల వత్తుకీ ‘ల’కీ, ర వత్తుకీ ‘ర’కీ పోలికే ఉండదు. త, న, మ, య వత్తులదీ అదే దారి. ఈ ఆరింటినీ ‘అక్షరం చిన్నగా కింద రాయి’ అని చెబితే పిల్ల నిజంగానే చిన్న ‘ల’ రాస్తుంది. అది తన తప్పు కాదు, మనం చెప్పిన సూత్రం తప్పు. వీటిని విడిగా, రోజుకి ఒకటి చొప్పున, అమ్మ, అన్నం, అత్త లాంటి తెలిసిన పదాలతోనే నేర్పాలి.

అక్షరం వంకర పోతుంటే పెన్సిల్ పక్కన పెట్టి స్టీలు పళ్లెంలో ఉప్మారవ్వ పల్చగా పరచండి. పళ్లెం అడుగు లీలగా కనిపించేంత చాలు. మందంగా పోస్తే గీసిన గీత వెంటనే పూడిపోతుంది. ఇక్కడ తలకట్టు ఆట బాగుంటుంది: ‘జలజ’ అనే పదంలో ఒక్క తలకట్టు కూడా లేదు, ‘కమల’లో రెండున్నాయి. ‘బలపం’లో ఎన్ని? పిల్లలు ‘ల’కి, ‘బ’కి తలకట్టు పెట్టేస్తుంటారు, ఈ లెక్కతో ఆ అలవాటు పోతుంది. ‘వు’ దగ్గర కూడా ఆగండి. మిగతా అక్షరాలకి పెట్టినట్టే ‘వ’ పక్కన కొమ్ము పెడితే అది ‘మ’ అయి కూర్చుంటుంది, అందుకే ‘వు’కి కొమ్ము కిందనుంచి వస్తుంది. కారణం చెబితే పిల్లలు మరిచిపోరు. అయిదు పేజీల కాపీరైటింగ్ చేయలేని పని ఇది. రెండో పేజీకల్లా పిల్ల పైనుంచి కిందికి ఒక్కో నిలువు వరసలో ఒకే అక్షరం గీసుకుంటూ పోతుంది. అంటే పదం రాయడం లేదు, బొమ్మ వేస్తోంది.

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చదవడం మాత్రం రాని విదేశాల్లోని పిల్లలకి కూడా ఈ డబ్బాల చీటీలే మంచి మొదలు. వస్తువు ఎదురుగా ఉంటుంది, పేరు నోట్లో ఉంటుంది, అక్షరమే కొత్త.

లెక్కలకి చీపురుపుల్లలు. పది పుల్లలకి ఒక రబ్బరు బ్యాండు, అది ఒక కట్ట. కట్టలు పిల్లే కట్టాలి. మీరు కట్టి ఇస్తే అందులో పది ఉన్నాయన్న నమ్మకం తనకి కుదరదు. కాగితాన్ని నిలువుగా రెండు గళ్లు చేసి, ఎడమవైపు కట్టలు, కుడివైపు విడి పుల్లలు పెట్టించండి.

ముందు 14, 41. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఫోర్టీన్ అనగానే 41 రాయడం మామూలే, ఎందుకంటే చెవికి ముందు ‘ఫోర్’ వినిపిస్తుంది. తెలుగులో ఆ చిక్కు లేదు. పద్నాలుగులో పది ముందు, నాలుగు వెనక, రాసే వరసలోనే పలుకుతాం. ఒక కట్ట, నాలుగు పుల్లలు పెట్టి ముందు ‘పద్నాలుగు’ అనిపించి, తర్వాత ‘ఫోర్టీన్’ అనిపించండి. బడిలో తెలుగు అంకెల పేర్లు అక్కర్లేదంటారు కానీ ఈ ఒక్క చోటయినా అవి ఇంగ్లీషు లెక్కను కాపాడతాయి.

తర్వాత తీసివేత, 32లోంచి 17. పుల్లలు లేకుండా అడిగితే ఎక్కువమంది 25 అంటారు. రెండులోంచి ఏడు పోదు గనక ఏడులోంచి రెండు తీసి 5 రాస్తారు, మూడులోంచి ఒకటి తీసి 2 రాస్తారు. వాళ్ల దృష్టిలో 32 అంటే ఒక సంఖ్య కాదు, పక్కపక్కన నిలబడ్డ రెండు అంకెలు. ఇప్పుడు మూడు కట్టలు, రెండు పుల్లలు పెట్టి ‘పదిహేడు పుల్లలు నాకివ్వు’ అనండి. ఒక కట్ట ఇస్తుంది, రెండు విడి పుల్లలు ఇస్తుంది, ఇంకా అయిదు కావాలి. కాసేపు చూసి తనే రబ్బరు బ్యాండు విప్పుతుంది. విప్పమని మీరు చెప్పకండి, ఆ అరనిమిషం ఓపిక పట్టాలి. విప్పిన కట్టలో అయిదు ఇచ్చాక మిగిలేది ఒక కట్ట, అయిదు పుల్లలు. ‘అప్పు తెచ్చుకోవడం’ అనే మాట ఇది అయిదారుసార్లు జరిగాకే వాడండి. కాగితం మీద నిలువు లెక్క ఇవాళ వద్దు, వారం పోయాక చూద్దాం.

ఈ మధ్యలో పెసల సంగతి. నానిన పది గింజలు, పొడి గింజలు పది పక్కపక్కన రెండు వరసలుగా పేర్చి ఏ వరస పొడుగో చూపించండి. మిగతా నానిన పెసలను నీళ్లు పూర్తిగా ఓడ్చి తడిగుడ్డలో వదులుగా మూటకట్టండి. బిగించి కడితే గాలి ఆడక, నీళ్లు నిలిస్తే కుళ్లి, వాసన వస్తుంది. సాయంత్రం గుడ్డ ఆరితే కాసిని నీళ్లు చిలకరించాలి.

భోజనాల తర్వాత చదవడం. ఒక పేజీలో నాలుగైదు పదాలకన్నా ఎక్కువ చోట్ల తడబడితే ఆ పుస్తకం ఇప్పటికి బరువే, ఇంకా తేలికది తీయండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు మెట్లవారీగా, ఉచితంగా దొరుకుతాయి. మొదటిసారి మీరు వేలు పెట్టి చదవండి, రెండోసారి ఇద్దరూ కలిసి, మూడోసారి తనొక్కతే. మూడోసారి గడగడా అప్పజెబుతుంటే బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి మధ్యలో ఒక వాక్యం చూపించండి. చదువుతోందో, కంఠతా వచ్చిందో తెలిసిపోతుంది.

చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు అని ఉంటుంది. అది చూసి ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టకండి. ‘వెళ్లిపోయినవాళ్లందరూ’ తెలుగులో ఒక్క పదమే, మరో భాషలో మూడో నాలుగో అవుతుంది. చదివాక ‘తర్వాత ఏమైంది?’ అంటే సొంత మాటల్లో చెప్పగలిగిందా లేదా, అదే చూసుకోవాలి.

సాయంత్రం అష్టాచెమ్మా. నేల మీద అయిదు వరసల్లో అయిదేసి గళ్లు, మొత్తం 25. బయటి చుట్టు 16, లోపలి చుట్టు 8, నడుమ పండే గడి 1. ఈ మూడూ కూడితే 25 వస్తుందా అని పిల్లనే అడగండి. నోరు పైకి పడ్డ గవ్వలెన్నో అన్ని గళ్లు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు; నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఈ ఆటలో అయిదు, ఆరు, ఏడు ఎప్పటికీ ఎందుకు పడవో అడిగి చూడండి, రెండో తరగతి పిల్లలు గవ్వలు తిప్పి తిప్పి చూసి చెప్పేస్తారు.

తప్పు జరిగేది కాయ నడపడంలో. మూడు పడితే కాయ ఉన్న గడినే ‘ఒకటి’ అని లెక్కపెట్టి రెండు గళ్లే కదుపుతారు. స్కేలు మీద 1 దగ్గర మొదలుపెట్టినదీ ఇదే తప్పు. అక్కడ ఎంత చెప్పినా తలకెక్కనిది ఇక్కడ ఒక గడి నష్టపోయి కాయ చస్తే ఎక్కుతుంది. ‘కాలు కదిపాకే ఒకటి’ అని నేల మీద గళ్లలో పిల్లనే నడిపించినా మంచిదే. ఆ తర్వాత చాక్‌పీసు గీతల దగ్గరికెళ్లి, మూడు నీడలూ స్కేలుతో మళ్లీ కొలిపించండి.

పడుకోబోయే ముందు పుల్లలు పదేసి కట్టి డబ్బాలో పెట్టించండి. ఒక కట్టలో తొమ్మిదే వస్తే పదో పుల్ల మంచం కింద ఉంటుంది. పెసల మూట పొద్దున్నే విప్పొచ్చు. చలికాలమైతే మొలక రావడానికి ఇంకో పూట పడుతుంది.