ఘట్‌కేసర్ వంతెన మీద స్టాప్‌వాచ్

రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లం సాధారణంగా ఇంజన్ల వెంట పడతాం. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. లాలాగూడ షెడ్ వాప్-7 కరెంటు ఇంజన్ ఏది, కాజీపేట షెడ్ ఇంజన్ ఏది, ఏ నంబరు ఎప్పుడు కనిపించింది అని పుస్తకం నింపుకోవడమే పని. కింద పట్టాల సంగతి ఎవరికి పట్టింది? అవి పడి ఉంటాయి, బండి పోతుంది, అంతే. హైదరాబాద్ శివార్లలోని ఘట్‌కేసర్ స్టేషన్ ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీద నుంచి చూస్తుంటే, కాజీపేట వైపు వెళ్లే మెయిన్ లైను పక్కన కొత్త పట్టాలు బారుగా దించి ఉండటం ఒక ఆదివారం కంటపడింది. ఈ పట్టాలు మార్చే పని మొదటి నుంచి చివరి దాకా చూడాలనిపించింది.

చూడటానికి ఘట్‌కేసర్ మంచి చోటు. హైదరాబాద్ లోకల్ రైళ్ల (ఎంఎంటీఎస్) రెండో దశలో మౌలాలి నుంచి ఇక్కడి దాకా అదనపు లైన్లు వేశారు కాబట్టి, పని జరిగే లైను ఆగినా పక్క లైన్ల మీద బండ్లు నడుస్తూనే ఉంటాయి. పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్టు రెండు గంటలు చెల్లుతుంది. అది జేబులో ఉండాలి, కాలు వంతెన మీదో ప్లాట్‌ఫారం మీదో ఉండాలి. కొంచెం దగ్గరగా ఫొటో వస్తుందని పట్టాల పక్కకు దిగే కుర్రాళ్లకు ఒక్క మాట: 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎలక్ట్రిక్ ఇంజన్ లాగే బండి ఎంత దగ్గరికి వచ్చేదాకా చప్పుడు చేయదో వంతెన మీద నిలబడితే బాగా తెలుస్తుంది.

పని ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి నాకు దొరికిన సాధనం ఫోనులోని స్టాప్‌వాచ్. ఇక్కడ ఆగకుండా పోయే 22 పెట్టెల ఎల్‌హెచ్‌బీ (కొత్తరకం పెట్టెల) ఎక్స్‌ప్రెస్ ఇంజన్‌తో కలిపి సుమారు 550 మీటర్లు ఉంటుంది. ఇంజన్ ముక్కు వంతెన కిందికి రాగానే నొక్కి, చివరి పెట్టె వెనక ఉన్న ఎక్స్ గుర్తు కనిపించగానే ఆపాలి. 20 కిలోమీటర్ల వేగమైతే 99 సెకన్లు, 30 అయితే 66, 45 అయితే 44, 75 అయితే 26, 110 అయితే 18. పని కుదిరేకొద్దీ వేగం పెంచుతారు కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు, ఆ లైను ఇవాళ ఎంత ఆరోగ్యంగా ఉందో బండే చెప్పేస్తుంది.

పాత కాలంలో ఇది ఇంకా సులువు. 13 మీటర్ల పట్టాలను ఫిష్‌ప్లేట్లతో, అంటే బోల్టులు బిగించే ఉక్కు పలకలతో, కలిపిన రోజుల్లో, పెట్టెలో కూర్చుని 47 సెకన్లలో ఎన్ని జాయింట్ల దెబ్బలు వినిపిస్తే గంటకు అన్ని కిలోమీటర్లు. లెక్క వేసి చూడండి, సరిగ్గా కుదురుతుంది. ఇప్పుడు వెల్డింగ్ పట్టాల మీద ఆ టకటకే లేదు.

మొదట కంకర పని జరిగింది. బ్లాక్ ఇచ్చారంటే, అంటే పని కోసం బండ్లు ఆపారంటే, రెండు మూడు గంటలు ఆ లైను పూర్తిగా పనివాళ్లది. పైన 25 వేల వోల్టుల తీగకు కూడా కరెంటు తీయాల్సి వస్తే దానికి పవర్ బ్లాక్ వేరు. కంకర జల్లెడ పట్టే యంత్రాన్ని అందరూ బీసీఎం అంటారు. పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మెల (స్లీపర్ల) కింద నుంచి ఒక గొలుసు తిరుగుతూ కంకరంతా తవ్వి పైకి తెస్తుంది. జల్లెడ పట్టి, మంచి రాయిని మళ్లీ పట్టాల కింద పోసి, మట్టిని పక్కకు విసిరేస్తుంది. ఆ దుమ్ము వంతెన మీద నిలబడ్డ నా షర్టు మీదికి కూడా వచ్చింది. ఏళ్ల తరబడి అరిగిన రాతి పొడి, బొగ్గు పొడి, మట్టి కలిసి కంకర సందులు మూసేస్తే వాన నీరు దిగదు, స్లీపర్ల కింద బురదవుతుంది. మన ఊళ్లో జూన్ దాటాక పడే వానలు తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

దాని వెనకే ట్యాంపింగ్ మిషన్. పట్టాలను పట్టి పైకి లేపి, స్లీపరుకు రెండు పక్కలా ఉక్కు పళ్లు దింపి, వణికిస్తూ కంకరను కిందికి కూరుతుంది. ఆ తర్వాత స్టెబిలైజర్ వచ్చి పట్టాలను నొక్కి పెట్టి అడ్డంగా అదురుస్తుంది. మామూలుగా ఎన్నో బండ్లు పోతేగానీ రాని గట్టిదనం దాంతో కొంతవరకు ముందే వస్తుంది. అయినా మర్నాడు నా స్టాప్‌వాచ్ 99 దగ్గరే ఆగింది, అంటే వేగం ఇంకా 20 మాత్రమే.

ఈ దశలోనే ఒక ట్రాక్‌మన్ పరిచయమయ్యాడు. నీళ్ల సీసా నింపుకొని వంతెన మెట్లెక్కి వచ్చి, నా పుస్తకం వంక చూశాడు.

"ఏం సార్, పేపరోళ్లా?"

"కాదన్నా, ఊరికే చూస్తున్న."

"గీ ఎండల ఊరికే చూస్తరా ఎవరన్న!" అని నవ్వాడు. కాషన్, అంటే పని చోట పెట్టిన వేగ పరిమితి, ఎప్పుడు తీస్తారని అడిగితే, "మిషన్ ఇంకోపాలి కొట్టాలె. కొట్టినంక పెద్దసార్లు వచ్చి చూస్తరు. గప్పుడు ముప్పై చేస్తరు, తర్వాత నలభై అయిదు. ఒక్కపారే లేపరు సార్" అన్నాడు.

అలాగే జరిగింది. దూరంగా ముందే హెచ్చరించే పసుపుపచ్చ చేపతోక బోర్డు, పని మొదలయ్యే చోట ముక్కోణపు బోర్డు మీద వేగం చెప్పే నల్ల అంకె, పని దాటాక ఇక వేగం పెంచుకోవచ్చని చెప్పే గుండ్రటి బోర్డు. ఆ గుండ్రటి బోర్డు పని అయిపోయిన చోట కాకుండా ఇంకా ముందుకు ఎందుకుందా అనుకునేవాణ్ణి. ఇంజన్ దాటినా చివరి పెట్టె ఇంకా బలహీనమైన పట్టా మీదే ఉంటుంది, ఆ తోక కూడా దాటాకే వేగం పెంచాలి. గూడ్స్‌కు, ప్యాసింజర్‌కు వేర్వేరు బోర్డులు ఉండేది అందుకే. చర్లపల్లి చమురు డిపోలకు వచ్చే ట్యాంకర్ల బండి తోక ఎంత దూరంలో ఉంటుందో చూస్తే అర్థమవుతుంది.

కంకర కుదిరి వేగం 75కి వచ్చిందనుకునేసరికి పట్టాలు మార్చే పని మొదలై మళ్లీ 30కి పడింది. 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ పాకుతూ పోతుంటే తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు చిరాకుగా బయటికి చూడటం వంతెన మీదికి కనిపించేది. వాళ్ల చిరాకు నాకు అర్థమవుతుంది, కానీ ఒక్కసారి ఇటు వచ్చి చూస్తే బాగుండుననిపించేది.

లైన్లో ఉన్నవి మీటరుకు 52 కిలోలవి, పక్కన దించినవి 60 కిలోలవి. పట్టా నడుము మీద ఉబ్బెత్తు అక్షరాల్లో అది చదవొచ్చు, కెమెరా జూమ్ చాలు. బరువు మాత్రమే కాదు, ఆయువు తేడా కూడా పెద్దదే: 52 కిలోల పట్టా మీదుగా 52.5 కోట్ల టన్నులు నడిచాక మార్చాలనేది ప్రమాణం, 60 కిలోల దానికి 80 కోట్లు. స్లీపర్లు అవే ఉంచారు. పట్టాను స్లీపరుకు బిగించే రబ్బరు ప్యాడ్లు, లైనర్లు, క్లిప్పులు మార్చారు. కిలోమీటరుకు 1660 స్లీపర్లు, ఒక్కోదానికి నాలుగు క్లిప్పులు, అంటే కిలోమీటరుకు 6640. ప్రతిదీ మనిషి సుత్తితో విప్పి, మళ్లీ కొట్టాల్సిందే. యంత్రాలొచ్చాయి కదా అనే మాట నేనిక ఎవరి దగ్గరా ఒప్పుకోను.

260 మీటర్ల కొత్త పట్టాను గడ్డపారలతో లోపలికి జరుపుతుంటే అది నీళ్లలో పాములా మెలికలు తిరిగింది. అంత ఉక్కు అలా వంగుతుందని కళ్లతో చూస్తేగానీ నమ్మలేం.

నాకు అన్నిటికంటే నచ్చింది చివరి పని, డిస్ట్రెస్సింగ్. 260 మీటర్ల పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 9 సెంటీమీటర్లు సాగాలి. కానీ వెల్డింగ్ చేసి క్లిప్పులు బిగించాక సాగడానికి చోటెక్కడిది? ఆ బలమంతా ఒత్తిడిగా పట్టాలోనే ఉండిపోతుంది. మే నెల మధ్యాహ్నం అది హద్దు దాటితే లైను పక్కకు వంకర పోతుంది, చలికాలం తెల్లవారుజామున ఎక్కువ బిగుసుకుంటే పట్టా విరుగుతుంది. అందుకని ఎండకూ చలికీ మధ్యస్థంగా ఉండే ఒక వేడి దగ్గర దానికి ఒత్తిడి లేకుండా చేసి బిగించాలి. పట్టా కోసి, క్లిప్పులన్నీ విప్పి, కింద రోలర్లు పెట్టి, పొడవునా సుత్తులతో తట్టుకుంటూ వెళ్లారు. ఎక్కడైనా పట్టుకుని ఉన్న బిగువు వదలడానికి అలా తడతారట. ఇంతలో ఒకాయన పట్టాకు అంటించిన థర్మామీటరు చూసి ఏదో అరిచాడు, అందరి చేతులూ ఒక్కసారి వేగం పుంజుకున్నాయి. హైడ్రాలిక్ యంత్రంతో రెండు కొసలను లాగి పట్టుకున్నారు, క్లిప్పులు పడ్డాయి, మధ్యలో వదిలిన సందు దగ్గర అచ్చు కట్టారు. అల్యూమినియం పొడి, ఐరన్ ఆక్సైడ్ మండి ద్రవమైన ఉక్కు ఆ సందులోకి దిగింది. చూస్తున్నది నేనూ, సమోసాలమ్మే పిల్లాడూ. అదే సమయానికి వందే భారత్ వచ్చుంటే వంతెన నిండా ఫోన్లు లేచేవి.

తర్వాత ఇంకోసారి ట్యాంపింగ్, వెల్డింగులకు అల్ట్రాసోనిక్ పరీక్ష. స్టాప్‌వాచ్‌లో అంకెలు తగ్గుతూ వచ్చాయి: 66, 44, 26. ఒక సాయంత్రం ముక్కోణపు బోర్డు లేదు, ఎక్స్‌ప్రెస్ 18 సెకన్లలో పోయింది. సికింద్రాబాద్–కాజీపేట మార్గంలో గరిష్ఠ వేగాన్ని 2022లో 130కి పెంచారు. నా లెక్కలో అది 15 సెకన్లు. స్టేషన్ దగ్గర అంత వేగం ఇంకా నాకు దొరకలేదు.

సికింద్రాబాద్ వైపు వచ్చే లైను పక్కన కూడా ఇప్పుడు పట్టాలు దించారు. డిస్ట్రెస్సింగ్ ఎండలు ముదరకముందే పెట్టుకుంటారని ట్రాక్‌మన్ అన్న చెప్పాడు. వచ్చేవాళ్లు టోపీ, నీళ్లు తెచ్చుకోండి. పని జరిగే వైపు బాగా కనిపించేది వంతెన చర్లపల్లి వైపు కమ్మీల దగ్గర నుంచి.