అతుకు కనపడకూడదు

బొమ్మలు గీయకుండా, నటులతో తీసిన వీడియోలతోనే నడిచే ఒక చిన్న గేమ్ ఈ మధ్యే పూర్తి చేశాను. ఈ తరహా గేమ్‌లంటే నాకు ప్రాణం. 1995లో వచ్చిన ఫాంటస్మగోరియాకి ఏడు సీడీలు పట్టాయి, వీడియో అంత చోటు తినేది. ఇప్పుడు ఆ బాధ లేదు కదా అని ధైర్యంగా దిగాను.

ఒక గది, టేబుల్‌కి అవతల ఒకావిడ. ఆవిడ ప్రశ్న అడుగుతుంది, తెర మీద రెండు జవాబులు వస్తాయి. మనం ఒకటి నొక్కేదాకా ఆవిడ ఎదురుచూడాలి. నన్ను ఏడిపించింది ఆ ఎదురుచూపే. అది పది సెకన్ల వీడియో, చివరికి రాగానే మళ్ళీ మొదటికి వెళ్ళాలి. మొదటి రోజు తీసింది కంప్యూటర్‌లో పెట్టి చూస్తే, పది సెకన్లకోసారి ఆవిడ తల టక్కున పక్కకి జరుగుతోంది. చెవి పక్కన జారిన వెంట్రుకల పాయ మాయమై మళ్ళీ వస్తోంది. కిటికీలోంచి వచ్చే ఎండ సరేసరి.

అంతా మళ్ళీ తీశాం. కిటికీకి నల్లగుడ్డ కట్టాం. మోచేతులు ఆనించే చోట టేపు ముక్కలు అంటించాం. ప్రతి షాటూ ఒకే భంగిమలో మొదలై అదే భంగిమలో ముగియాలని నియమం పెట్టుకున్నాం. అయినా అతుకు తెలుస్తూనే ఉంది. అప్పుడు నటించే ఆవిడే అడిగారు, "కట్ దగ్గర రెప్ప వేయనా?" అని. రెప్ప మూసిన ఫ్రేమ్ దగ్గర కలిపితే అతుకు నిజంగానే కనపడలేదు!

తర్వాత ఇంకో టెన్షన్. జవాబు నొక్కగానే అర సెకను తెర నల్లబడేది. కంప్రెస్ చేసిన వీడియోలో పూర్తి బొమ్మ కీఫ్రేమ్‌లనే కొన్ని ఫ్రేమ్‌ల దగ్గరే ఉంటుంది, మిగతావన్నీ వాటి నుంచి మార్పులే. అందుకని ప్రతి క్లిప్‌నీ కీఫ్రేమ్‌తో మొదలుపెట్టాను. ఆవిడ ఎదురుచూస్తుండగానే రెండు జవాబుల వీడియోలూ వెనకాల లోడ్ అయ్యేలా రాశాను.

2015 నాటి హర్ స్టోరీ అనే గేమ్‌లో, దాన్ని తయారుచేసిన శామ్ బార్లో ఈ చిక్కే రానివ్వలేదు. అందులో మనం మాటలు టైప్ చేసి, పోలీసు విచారణ క్లిప్‌లు వెతుక్కుంటాం. ఎంత తెలివైన దారి! కానీ నాకు ఎదురుగా కూర్చుని చూసే మనిషే కావాలి.

మొన్న స్నేహితురాలితో ఆడించాను. మొదటి ప్రశ్న దగ్గరే మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. "ఉండు, ఆవిడ నన్నే చూస్తోంది" అంది.