తర్వాతి స్టాపు గెన్‌బాకు డోమ్

హిరోషిమా పేరు మొదట విన్నది ఏడో తరగతిలో. సోషల్ సారు బోర్డు మీద '1945 ఆగస్టు 6, ఉదయం 8:15' అని రాసి, సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. ఆ పూట ఇంక పాఠం చెప్పలేదు. ఆ ఊరు చూడాలన్న కోరిక నాకప్పుడే పట్టుకుంది.

జపాన్‌లో, టోక్యో పక్కనున్న కవాసాకిలో ఉద్యోగానికి వచ్చాక కూడా మూడేళ్లు కుదరలేదు. షింకన్‌సెన్‌ బుల్లెట్ ట్రైన్‌లో నాలుగు గంటలే, కానీ టికెట్టు ధర చూస్తే ఇంటికి పంపాల్సిన డబ్బు గుర్తొచ్చేది. చివరికి ఒక శుక్రవారానికి యూక్యూ పెట్టి (జీతం కట్ కాని సెలవు) గురువారం నైట్ బస్సెక్కాను. తెల్లారేసరికి మెడ పట్టేసింది.

దిగి ట్రామెక్కితే ఆఫీసులకు పోయే జనం. పక్కన స్కూలు పిల్లాడు బ్యాగు కావలించుకుని కునుకు తీస్తున్నాడు. 'తర్వాతి స్టాపు గెన్‌బాకు డోమ్' అని వినబడగానే నా ఒళ్లు జలదరించింది. వాడు కళ్లు కూడా తెరవలేదు. గెన్‌బాకు అంటే అణుబాంబు. డోమ్ అంటే ఆ బాంబు దెబ్బకు శిథిలమై మిగిలిన గుమ్మటం భవనం. వాడికది రోజూ దాటిపోయే స్టాపు.

మ్యూజియం టికెట్టు 200 యెన్లు. అన్నీ చూశానని చెప్పలేను, ఒక లంచ్ బాక్సు దగ్గరే ఆగిపోయాను. బడిపిల్లాడిది. వాళ్లమ్మ సర్దిచ్చిన అన్నం తినకుండానే పోయాడు, అది డబ్బాలోనే బొగ్గయింది. మా అమ్మ కట్టిచ్చిన క్యారేజీలు ఎన్నిసార్లు తినకుండా తెచ్చానో.

బయటికొచ్చి ఓ చిన్న కొట్టులో ఒకోనొమియాకి చెప్పాను. 'నికు నాషి', మాంసం వద్దు. ముసలావిడ పెనం మీద పిండి పల్చగా అట్టులా తిప్పి, పైన క్యాబేజీ గుట్టగా పోసి, నూడుల్స్, గుడ్డు వేసింది. చేపపొడి చల్లాక గానీ అది కూడా వద్దనాలని గుర్తు రాలేదు. తినేశాను.

బాంబు పడ్డ మూడు రోజులకే ఇక్కడ కొంత దూరం ట్రాము నడిపారట. ఆనాడు దెబ్బతిన్న 652 నంబరు బండి, బాగుచేశాక, ఈనాటికీ తిరుగుతోంది. దానికోసం స్టాపులో అరగంట నిలబడ్డాను. ఈలోగా అమ్మ ఫోను.

"తిన్నావారా?"

రోజూ విసుక్కునే ప్రశ్నే. గొంతు సవరించుకోవాల్సొచ్చింది.

"అట్టు తిన్నానమ్మా."

"అక్కడ అట్లు ఎవరు పోస్తార్రా?"

చెప్పడం మొదలుపెట్టేసరికి ట్రామొచ్చింది. 652 కాదు. ఎక్కకుండా వదిలేశాను.